మీటరు చెప్పని సంగతులు

డల్లాస్‌లోనో బే ఏరియాలోనో ఉద్యోగంలో కుదురుకున్న మనవాడొకడు చిన్నప్పటి సరదా తీర్చుకోవడానికి పాత పోర్షే బాక్‌స్టర్ కొందామని బయల్దేరాడనుకుందాం. అమ్మకానికి రెండు బండ్లు కనిపించాయి. రెండూ 2002 మోడల్, రెండూ వెండి రంగు, రెండింటివీ చేత్తో మార్చే గేర్లే. మొదటిది ఇన్నేళ్ళలో 18 వేల మైళ్ళే తిరిగింది. లోపల కొత్త తోలు వాసన ఇంకా పోలేదు. రెండోది లక్షా పది వేల మైళ్ళు తిరిగింది. సీటు అంచు అరిగిపోయింది, ముందు బంపర్ నిండా గులకరాళ్ళ దెబ్బలు. మొదటి బండి ధర దాదాపు రెట్టింపు. ఇంటికి ఫోన్ చేసి అడిగితే పెద్దవాళ్ళు ఏమంటారో తెలిసిందే: "తక్కువ తిరిగిందే తీసుకోరా, నాలుగు డబ్బులు ఎక్కువైనా ఫర్వాలేదు."

మారుతికైతే ఆ సలహాకు వంక పెట్టలేం. ఈ కారు విషయంలో మాత్రం నేనైతే ముందు రెండో బండి కాగితాలే అడుగుతాను. దానికి కారణం ఇంజన్‌లో క్లచ్ వైపున ఉండే, అరచేతిలో ఇమిడిపోయే ఒక చిన్న బేరింగు.

1990ల మొదట్లో పోర్షే పరిస్థితి ఏమీ బాగాలేదు. అమ్మకాలు పడిపోయాయి, తయారీ ఖర్చులు పెరిగాయి. దాంతో కంపెనీ కొత్త దారి పట్టింది. 1996లో బాక్‌స్టర్‌ను, 1997లో '996' అని పిలిచే కొత్త 911ను తెచ్చింది. ఖర్చు తగ్గించడానికి రెండింటికీ ముందు భాగం, తలుపులు చాలావరకు ఒకటే వాడింది. 1960ల నుంచీ గాలితోనే చల్లబడుతూ వచ్చిన 911 ఇంజన్‌కు మొదటిసారి నీళ్ళు వచ్చాయి. ఆ ఇంజన్ కుటుంబం పేరు ఎం96. ఆరు సిలిండర్లు, వైపుకు మూడేసి చొప్పున ఎదురుబొదురుగా పడుకుని ఉంటాయి. గాలి కారు అభిమానులకు ఈ మార్పు రుచించలేదు. హెడ్‌లైట్లను చూసి పెనం మీద పగిలిన కోడిగుడ్డని వెక్కిరించారు. అసలు తంటా హెడ్‌లైట్లది కాదని తెలియడానికి కొన్నేళ్ళు పట్టింది.

క్రాంక్‌షాఫ్ట్ తిరుగుడు కవాటాలను తెరిచే క్యామ్‌షాఫ్టులకు అందాలంటే ఈ ఇంజన్‌లో మధ్యవర్తిగా ఒక ఇరుసు ఉంటుంది. దాన్నే ఇంటర్మీడియట్ షాఫ్ట్ అంటారు. గొలుసులు దాని మీదుగా నడుస్తాయి. ఆ ఇరుసు ఒక చివర కూర్చున్నది బాల్ బేరింగు. లోపల గ్రీజు నింపి రెండు పక్కలా సీలు వేసిన రకం అది. ఇలాంటి బేరింగులు ఆల్టర్నేటర్‌లోనో ఫ్యానులోనో, అంటే నూనె అందని చోట, చక్కగా పనిచేస్తాయి. ఇక్కడ దాన్ని ఇంజన్ ఆయిల్ మధ్యలోనే పెట్టారు. ఏళ్ళు గడిచేకొద్దీ వేడికి సీలు గట్టిపడుతుంది. వేడి ఆయిల్ సందుల్లోంచి లోపలికి దూరి గ్రీజును కడిగేస్తుంది. లోపలికి వెళ్ళిన ఆయిల్ బయటికి రాదు. మీరు ఎంత శ్రద్ధగా ఆయిల్ మార్పించినా ఆ బేరింగు లోపల మిగిలేది పాత మడ్డే.

బాల్స్ అరిగి ఇరుసు ఊగడం మొదలైతే గొలుసులు పట్టు తప్పుతాయి. కవాటాలు తెరుచుకునే సమయం మారిపోతుంది. పైకి వచ్చే పిస్టన్, ఇంకా మూసుకోని కవాటం ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఆ తర్వాత మెకానిక్ చేయగలిగేది కొత్త ఇంజన్‌కు ధర చెప్పడమే.

అన్ని ఏళ్ళ బండ్లకూ ఒకే బేరింగు లేదు. మొదట్లో రెండు వరుసల బాల్స్ ఉన్నది వాడారు, అది నయం. సుమారు 2000 నుంచి 2005 దాకా ఒకే వరుస ఉన్న చిన్నది వచ్చింది. అందరూ భయపడేది దీనికే. తర్వాత 2008 దాకా వేసిన బేరింగు పెద్దది, గట్టిదే కానీ మార్చాలంటే ఇంజన్‌ను రెండుగా విప్పాలి. 2009 మోడల్‌తో వచ్చిన కొత్త ఇంజన్‌లో ఆ ఇరుసునే తీసేశారు. అమెరికాలో దీని మీద యజమానులంతా కలిసి వేసిన దావా 2013లో రాజీతో ముగిసింది. ఒక వరుస బేరింగుల్లో చెడినవి సుమారు నూటికి 8 అని, రెండు వరుసలవాటిలో నూటికి 1 అని ఆ దావా తర్వాత అందరూ చెప్పుకునే లెక్క.

ఇప్పుడు మన రెండు బండ్ల దగ్గరికి వద్దాం. బేరింగు బాల్, అది దొర్లే గాడి నిజానికి ఒకదాన్నొకటి తాకకూడదు. వాటి మధ్య ఆయిల్ పొర ఉండాలి. ఆ పొర మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి ఎంత పలచనో ఊహించుకోవచ్చు. బాల్ ఆనే చోట ఒత్తిడి వాతావరణ పీడనానికి పది వేల రెట్లు దాటుతుంది. ఆ ఒత్తిడికి ఆయిల్ క్షణంలో వెయ్యో వంతు సేపు దాదాపు గట్టి పదార్థంలా మారి ఉక్కును ఉక్కుకు తగలనివ్వకుండా అడ్డుపడుతుంది. ఈ పొరను పుట్టించేది వేగం. బాల్ ఎంత వేగంగా దొర్లితే అంత ఆయిల్‌ను తన కిందికి లాక్కుంటుంది. వేగం రెట్టింపైతే పొర సుమారు ఒకటిన్నర రెట్లకు పైగా మందమవుతుంది. వేగం తగ్గితే పొర పలచబడి, ఉక్కు గరుకులు ఒకదానికొకటి రాసుకుంటాయి.

అంటే నిమిషానికి 1,500 చుట్ల దగ్గర ఇంజన్‌ను నిమ్మళంగా నడిపే పెద్దమనిషి బేరింగుకు చేస్తున్నది మేలు కాదు. హైవే మీద మూడు, నాలుగు వేల చుట్ల మీద గంటల తరబడి పరిగెత్తిన బండిలో ఆ పొర నిండుగా ఉంటుంది.

దీనికి నీళ్ళు తోడవుతాయి. పెట్రోల్‌లోని హైడ్రోజన్ కాలితే వచ్చేది నీరే. లెక్క కడితే ఒక లీటరు పెట్రోల్ కాలినప్పుడు సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు, ఇంటర్ కెమిస్ట్రీ సమీకరణం రాసి చూసుకోండి. అందులో ఎక్కువ భాగం ఆవిరిగా సైలెన్సర్‌లోంచి పోతుంది. కొంచెం మాత్రం పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్‌లోకి జారుతుంది. ఇంజన్ బాగా కాగితే అదీ ఆవిరై పోతుంది. కానీ ఈ ఇంజన్‌లో ఆయిల్ ఎనిమిది లీటర్లకు పైనే. నీళ్ళ వేడి ముల్లు మధ్యకు వచ్చిన తర్వాత కూడా ఆయిల్ కాగడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. వారానికోసారి తీసి కాఫీ షాపు దాకా వెళ్ళి వచ్చి కవరు కప్పేసే బండిలో ఆ నీరు, కాలని పెట్రోల్, ఆమ్లాలు ఆయిల్‌లోనే ఉండిపోతాయి. సీలు దాటి బేరింగులోకి చేరేది ఆ మిశ్రమమే.

ఎక్కువ తిరిగిన ప్రతి బండీ మంచిదని కాదు. ఈ ఇంజన్‌లో సిలిండర్ గోడలు ఇనుముతో చేసినవి కావు. సిలికాన్ రేణువులు పొదిగిన అల్యూమినియం. పిస్టన్ పక్కల పూత లేచిపోతే ఆ గోడల మీద గీతలు పడతాయి, మన షెడ్డుల్లో "ఇంజన్ బోరుకొచ్చింది" అనే స్థితి వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు టకటక చప్పుడు, రెండు సైలెన్సర్ పైపులుంటే వాటిలో ఒకదాని చివర మాత్రమే దట్టమైన మసి దాని లక్షణాలు. స్పార్క్ ప్లగ్ తీసి ఆ కంతలోంచి చిన్న కెమెరా దింపితే గీతలు కళ్ళకే కనిపిస్తాయి. చలిలో స్టార్ట్ చేసిన వెంటనే కాలు అదిమేసేవాళ్ళ బండ్లలో ఈ జబ్బు ఎక్కువ. వేడెక్కకముందు మెల్లగా, వేడెక్కాక గట్టిగా నడిపిన బండి కావాలి మనకు. ఎలా నడిపారో యజమానిని అడిగితే అందరూ అలాగే నడిపామంటారు. కాబట్టి బండినే అడగాలి.

బండి జవాబు చెబుతుంది కూడా. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో రెండు విలువైన లెక్కలు దాగి ఉంటాయి. మొదటిది ఇంజన్ ఇప్పటిదాకా నడిచిన గంటలు. మీటర్‌లోని మైళ్ళను ఆ గంటలతో భాగించండి. 40 వేల మైళ్ళకు 1,100 గంటలైతే సగటు వేగం 36 మైళ్ళు, బండి రోడ్డు చూసింది. అదే 40 వేల మైళ్ళకు 2,500 గంటలైతే సగటు 16 మైళ్ళు. జీవితమంతా ట్రాఫిక్ సిగ్నళ్ళ దగ్గరే గడిచిందన్నమాట, లేదా ఎవరో మీటరు వెనక్కి తిప్పారన్నమాట. రెండూ మనకు అక్కర్లేని కథలే.

రెండో లెక్క ఇంజన్ హద్దు మీరిన సందర్భాలది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఎర్రగీత దగ్గర కంప్యూటర్ ఇంజన్‌ను అంతకు మించి తిరగనివ్వదు, ఆ తప్పు పెద్దది కాదు. కానీ నాలుగో గేరులో గట్టిగా పోతూ ఐదు వేయబోయి మూడు వేస్తే కంప్యూటర్ చేతులెత్తేస్తుంది. అప్పుడు చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. కవాటాల మీద పడే జడత్వ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 7 వేల చుట్లు 9 వేలైతే వేగం పెరిగేది 29 శాతమే, బలం పెరిగేది 65 శాతం. స్ప్రింగులు కవాటాలను సకాలంలో మూయలేవు. ఇలాంటి పొరపాటు జరిగినప్పుడు ఎన్ని ఇగ్నిషన్లు ఆ హద్దు పైన జరిగాయో, చివరిసారి ఏ గంట దగ్గర జరిగిందో కంప్యూటర్ రాసి పెట్టుకుంటుంది. ఆరు సిలిండర్ల ఇంజన్ 8 వేల చుట్ల దగ్గర సెకనుకు 400 ఇగ్నిషన్లు చేస్తుంది. అంటే రిపోర్టులో 200 అని ఉంటే అర సెకను పొరపాటు. అది వెయ్యి గంటల కిందట జరిగి, తర్వాత బండి హాయిగా నడిచి ఉంటే పట్టించుకోనక్కర్లేదు. నిన్నగాక మొన్న జరిగి, ఇవాళ అమ్మకానికి పెడితే ఆలోచించాలి.

టైర్లు కూడా చదవాల్సినవే. పక్కగోడ మీద కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019 సంవత్సరం 23వ వారంలో తయారైందని. తక్కువ తిరిగిన బండికి ఒరిజినల్ టైర్లే ఉన్నాయని అమ్మేవాళ్ళు గొప్పగా చెబుతారు. గాట్లు నిండుగా ఉంటాయి, నిజమే. కానీ గాలిలోని ఆక్సిజన్ రబ్బరును లోపలినుంచి గట్టిపరుస్తుంది, రోడ్డును పట్టుకునే గుణం పోతుంది. సినిమా నటుడు పాల్ వాకర్ 2013 నవంబరులో చనిపోయిన ప్రమాదం గుర్తుందా? ఆయన కూర్చున్న పోర్షే కరెరా జీటీ 2005 నాటిది. దర్యాప్తు చేసిన లాస్ ఏంజెలెస్ కౌంటీ అధికారులు అతివేగాన్ని కారణంగా తేల్చారు, తొమ్మిదేళ్ళు నిండిన టైర్ల ప్రస్తావన కూడా అందులో ఉంది. పదేళ్ళు దాటిన టైరును గాట్లు ఎంత ఉన్నా తీసేయాలి. స్పోర్ట్స్ కారుకు నా మట్టుకు ఆరేళ్ళే ఎక్కువ.

మిగతా పరీక్షలు తేలికైనవి. పెయింట్ మందం కొలిచే చిన్న పరికరం తలుపు తలుపుకూ ఆనించి చూస్తే ఏ రేకుకు టింకరింగ్ జరిగిందో తెలుస్తుంది. ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, మడతల్లో మెరిసే రజను ఉందేమో చూడాలి. అయస్కాంతానికి అంటుకుంటే ఉక్కు, అంటే బేరింగు మీద అనుమానం. కాస్త ఆయిల్‌ను ల్యాబుకు పంపితే ఇనుము, అల్యూమినియం, రాగి పది లక్షల్లో ఎన్ని వంతులున్నాయో చెబుతారు.

ఇంత విజ్ఞానం అందుబాటులో ఉన్నా ఈ బండ్ల ధరలు చాలాకాలం భయంతోనే నడిచాయి. అది ఎందుకో చెప్పినవాడు కార్ల మనిషి కాదు, ఆర్థికశాస్త్రవేత్త. జార్జ్ అకర్లాఫ్ 1970లో చెడ్డ సెకండ్‌హ్యాండ్ కార్ల మార్కెట్ మీద ఒక వ్యాసం ప్రచురించాడు. అంతకుముందు మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. అందులో సారం ఇది. అమ్మేవాడికి బండి గుణం తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు సగటు బండి ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండి యజమాని అమ్మడు, వెనక్కి తగ్గుతాడు. మార్కెట్లో మిగిలినవాటి సగటు ఇంకా పడిపోతుంది, ధరా పడుతుంది. 2001లో ఆయనకు ఇద్దరు సహచరులతో కలిపి నోబెల్ వచ్చింది. మనకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకోటుంది. అకర్లాఫ్ 1967–68లో ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది గడిపాడు. కార్ల మీద రాసిన ఆ వ్యాసంలోనే, బజారు బియ్యంలో కావాలని కలిపిన అదే రంగు రాళ్ళను మన ఆడవాళ్ళు ఏరుకోవాల్సి వస్తుందన్న ప్రస్తావన చేశాడు. చాటలో బియ్యం పోసి రాళ్ళేరిన ఇంట పుట్టినవాళ్ళకు ఈ సిద్ధాంతం కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

నూటికి ఎనిమిది చెడితే, తొంభై రెండు మంచివేగా? అయినా నూటికి నూరు బండ్ల ధరా పడింది. అదే కాలపు 911 టర్బో, జీటీ3లలో వేరే ఇంజన్ ఉంది. హాన్స్ మెట్స్‌గర్ అనే ఇంజనీరు పేరుతో పిలిచే ఆ ఇంజన్ మూలాలు రేసు కార్లవి. దానికి ఈ బేరింగు బెడద లేదు కాబట్టి ఆ బండ్లకు ఈ భయం అంటలేదు. మామూలు 996కు ఒక లెక్క వేసి చూద్దాం. ఇంజన్ పోతే 20 వేల డాలర్లనుకుంటే, నూటికి ఎనిమిది చొప్పున ఆ భయం సగటు ఖరీదు 1,600 డాలర్లు. అమ్మేవాడు భయం పేరు మీద అయిదు వేలు తగ్గిస్తే, పరీక్షలు చేయించే ఓపికున్నవాడికి అది లాభసాటి బేరమే. అయితే అకర్లాఫ్ చెవిలో చెప్పే మాట మరిచిపోకూడదు. అమ్మకానికి వచ్చిన బండ్లు మొత్తం బండ్లకు నమూనా కావు. వింత చప్పుడు విన్నవాడే ముందు అమ్ముతాడు.

బేరింగుకు మందు ఉంది. క్లచ్ మార్చేటప్పుడు గేర్‌బాక్స్ ఎలాగూ దింపుతారు. అప్పుడే పాతది తీసి సిలికాన్ నైట్రైడ్ అనే సెరామిక్ బాల్స్ ఉన్నది వేయిస్తే సరిపోతుంది. సెరామిక్ బాల్ ఉక్కులో సగం బరువు కూడా ఉండదు, ఉక్కు కన్నా గట్టిది, ఆయిల్ పలచబడినా ఉక్కు గాడికి అతుక్కోదు. సీలు లేకుండా ఇంజన్ ఆయిల్ ధారాళంగా పారేలా అమరుస్తారు. ఈ పని జరిగిందని రసీదు ఉన్న బండి ధర ఎక్కువే ఉంటుంది. ఉండాలి కూడా. అమ్మేవాడి దగ్గర ఉండాల్సిన ఆస్తి పాలిష్ కాదు, ఫైలు: ఆయిల్ మార్చిన తేదీలు, ల్యాబు రిపోర్టులు, సిలిండర్ల లోపలి ఫోటోలు, కంప్యూటర్ లెక్కల ప్రింటు. కొనేవాడు భయానికి కోసుకునే డబ్బును ఆ కాగితాలే వెనక్కి తెస్తాయి. ఇక ఈ బండ్లను పెట్టుబడిగా కొనమనే సలహాదారులంటే నాకు గిట్టదు. ధర పెరుగుతుందని మూసి పెట్టిన బండి లోపల ఏం జరుగుతుందో పైన చెప్పుకున్నాం.

మన దగ్గరికి వస్తే, మూడేళ్ళు దాటిన వాడిన కారును మామూలుగా మన దేశంలోకి దిగుమతి చేసుకోనివ్వరు. స్టీరింగ్ కుడివైపే ఉండాలి. కాబట్టి అమెరికాలో కారుచౌకగా దొరికిన 996ను హైదరాబాదుకు తెచ్చుకునే ఆలోచన మానుకోవాలి. ఇక్కడ దొరికే పాత స్పోర్ట్స్ కార్లు చాలావరకు ఇక్కడే కొత్తగా అమ్ముడైనవి. వాటిలో ఎక్కువ ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగు రోడ్డు చూసి వచ్చి మళ్ళీ సెల్లారులో నిద్రపోయేవి. పదేళ్ళలో 12 వేల కిలోమీటర్లని ప్రకటనలో పెద్దక్షరాల్లో వేస్తారు. ఇంజన్ గంటలు, టైర్ల తేదీలు, ఏటా ఆయిల్ మార్చిన బిల్లులు అడిగితే ఆ అక్షరాలు కాస్త చిన్నవవుతాయి. ఢిల్లీలో పాత బండ్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కణ్ణుంచి దక్షిణాదికి దిగే బండ్లకు ఎన్‌వోసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ లెక్క బేరానికి ముందే తేల్చుకోవాలి. 2015లో చెన్నై, 2020లో హైదరాబాదు వరదల్లో మునిగిన కార్లు తళతళలాడుతూ మళ్ళీ మార్కెట్లోకి రావడం మనకు తెలియనిది కాదు. సీటు కింది పట్టాల తుప్పు, వైర్ల జాయింట్లలో ఎండిన బురద చూడండి. పాత బాక్‌స్టర్‌లోనైతే తాళాల వ్యవస్థను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె సీటు కిందే ఉంటుంది. వరద కూడా అక్కర్లేదు, పైకప్పు నీళ్ళు పోయే గొట్టాలు ఆకులతో మూసుకుపోతే వర్షానికే అది తడిసిపోతుంది.

కొనబోయేవాళ్ళకు చివరి మాట. మెకానిక్‌ను మీరే ఎంచుకోండి, పరీక్ష ఖర్చు మీరే పెట్టుకోండి, ఇంజన్ పూర్తిగా చల్లారిన బండిని మీ ఎదుటే స్టార్ట్ చేయమనండి. ఈ మూడింటిలో దేనికి అభ్యంతరం చెప్పినా అడ్వాన్సు ఇవ్వకండి.